పలెంకె: దడి వెనుక నిలిచిన ఊరు, దాని భాష

కొలంబియా దేశపు రేవు నగరం కార్తహేనా వీధుల్లో తలమీద పళ్ల గిన్నె పెట్టుకుని, రంగురంగుల గౌనుల్లో నిలబడిన ఆఫ్రికా సంతతి స్త్రీల ఫొటో చూసి, వాళ్ల ఊరి గురించి మీరు మూడు ప్రశ్నలు అడిగారు. పారిపోయిన ఆఫ్రికన్ బానిసలు కట్టుకున్న సాన్ బసీలియో దె పలెంకె అమెరికా ఖండాలన్నిటిలోకీ మొదటి స్వేచ్ఛా పట్టణం అంటారు, నిజమేనా? సుమారు 3,500 మంది ఉన్న ఊరికి సొంత భాష ఎలా వచ్చింది? బయటివాళ్లు వెళ్లి చూడవచ్చా?

నేను భాషాశాస్త్రం చదువుకున్నవాడిని. కొలంబియాలో ఐదేళ్లు పాఠాలు చెప్పాను. ఆ ఐదేళ్లలో పలెంకెకు ఎన్నిసార్లు వెళ్లానో లెక్క పెట్టుకోలేదు. మొదటిసారి వెళ్లింది భాష కోసం. తర్వాత వెళ్లినవన్నీ అక్కడి మనుషుల కోసం. అందుకే ఈ జవాబు కాస్త పొడవుగా ఉంటుంది, ఓపిక పట్టండి.

మొదటి ప్రశ్నకు సూటిగా చెబుతాను. పర్యాటక కరపత్రాల్లో కనిపించే ‘అమెరికాలో మొదటి స్వేచ్ఛా పట్టణం’ అన్న మాట అక్షరాలా నిలవదు. మెక్సికోలో యాంగా అనే నాయకుడి వెంట పారిపోయిన బానిసలకు 1618 నాటికే స్పానిష్ ప్రభుత్వం ఊరుగా గుర్తింపు ఇచ్చింది. పలెంకెకు ఒప్పందం దొరికింది 1713లో. అయినా ఈ ఊరి గొప్పతనం ఒక్క వీసం కూడా తగ్గదు. బ్రెజిల్‌లో వేల మందితో వర్ధిల్లిన, పారిపోయిన బానిసల స్థావరం పల్మారెస్‌ను 1694లో పోర్చుగీసు సేనలు నేలమట్టం చేశాయి. పలెంకె మిగిలింది. కొలంబియాలో బానిసత్వం చట్టప్రకారం రద్దయింది 1852 జనవరి 1న. అంటే దేశం మొత్తానికి దక్కిన స్వేచ్ఛను ఈ కొండపాదపు పల్లె దాదాపు 140 ఏళ్ల ముందే అనుభవించింది. అదే నేల మీద, తన సొంత మాటతో ఈ రోజుకీ ఉంది. ‘మొదటిది’ అన్న బిరుదుకన్నా నాకు ఈ కొనసాగింపే పెద్దదిగా కనిపిస్తుంది.

కథ మొదలయ్యేది కార్తహేనా రేవులో. 1533లో స్పానిష్‌వాళ్లు కట్టిన ఆ నగరం, దక్షిణ అమెరికాలోని వాళ్ల రాజ్యానికి ఆఫ్రికన్ బానిసలు దిగే ముఖ్యద్వారం. ఓడ దిగినవాళ్లను అక్కడే అమ్మేవారు. గనులకు, పొలాలకు, ఇళ్లకు అక్కడి నుంచే తోలుకుపోయేవారు. నగరం చుట్టూ ఉన్న పెద్ద గోడను టూరిస్టులు ఎంతో ఇష్టంగా ఫొటోలు తీసుకుంటారు కదా, దాని రాళ్లు మోసింది కూడా వాళ్లే. ఆ గోడ దాటితే చిత్తడి నేలలు, మడ అడవులు, ఇంకా లోపలికి పోతే మరీయా కొండలు. పారిపోయినవాళ్లు అటే పోయారు. పోయి, తమ గుడిసెల చుట్టూ మొనదేలిన కర్రలు పాతి దడి కట్టుకున్నారు. స్పానిష్‌లో అలాంటి దడిని పలెంకె అంటారు. క్రమంగా దడి పేరే ఊరి పేరయింది. ఆ కాలంలో కార్తహేనా చుట్టుపక్కల ఇలాంటి పలెంకెలు ఎన్నో ఉండేవి. ఊరుగా బతికి బట్టకట్టింది మనం మాట్లాడుకుంటున్న ఈ ఒక్కటే.

ఊరి నడిబొడ్డున గుడి ఎదుట ఒక విగ్రహం ఉంటుంది. తెగిన సంకెళ్లతో, ఆకాశం వైపు చెయ్యి చాచిన మనిషి. పేరు బెంకోస్ బియోహో. పశ్చిమ ఆఫ్రికాలో, ఇప్పటి గినీ బిస్సావు తీరపు దీవుల నుంచి తెచ్చిన మనిషి అని చెబుతారు. 1599 ప్రాంతంలో భార్యాబిడ్డలతో, మరికొందరితో కలిసి కార్తహేనా నుంచి తప్పించుకుని, చిత్తడి నేలల మధ్య లా మతూనా అనే చోట పలెంకె కట్టాడు. వెంటపడిన సైనికులను ఓడించి పంపాడు. చివరికి 1605లో గవర్నరు సువాసో సంధికి దిగాల్సి వచ్చింది. ఆ సంధి పుణ్యమా అని బియోహో స్పానిష్ దొరలా దుస్తులు వేసుకుని, నడుముకు ఆయుధం కట్టుకుని, నిన్నటి దాకా తనను అమ్మిన నగరంలోకి తలెత్తుకుని నడిచి వచ్చేవాడు. యజమానుల కళ్లకు అది ఎలా కనిపించి ఉంటుందో ఊహించండి. వాళ్లు మరిచిపోలేదు. 1619లో సంధి మాట తప్పి, నగరంలోకి వచ్చిన అతన్ని పట్టుకున్నారు. 1621 మార్చి 16న ఉరి తీశారు.

ఇక్కడ ఒక సవరణ చెప్పకపోతే మీకు అన్యాయం చేసినవాడినవుతాను. బియోహో కట్టిన లా మతూనా, ఈనాటి ఊరు ఒకటి కావు. చరిత్రకారులు ఈ ఊరి వేర్లను 17వ శతాబ్దం రెండో సగంలో మరీయా కొండల్లో వెలసిన సాన్ మిగెల్ పలెంకెలో చూపిస్తారు. ఊరివాళ్లకు మాత్రం స్థాపకుడు బియోహోయే. నేను ఈ రెంటికీ తగవు పెట్టను. తల ఎత్తి నడవడం నేర్పినవాడిని మూలపురుషుడిగా ఎంచుకునే హక్కు ఊరికి ఉంది.

1691లో స్పెయిన్ రాజు మరీయా కొండల పలెంకెలకు స్వేచ్ఛ ఇమ్మని ఆజ్ఞ రాసి పంపాడు. కార్తహేనాలోని బానిసల యజమానులు దాన్ని అమలు కానివ్వలేదు, మళ్లీ సేనలే కదిలాయి. ఇంకో 20 ఏళ్లకుపైగా అడవిలో దాగుడుమూతలు. ఆఖరికి 1713లో కార్తహేనా బిషప్ ఆంతోనియో మరీయా కస్సియానీ మధ్యవర్తిగా నిలబడి రాజీ కుదిర్చాడు. ఊరివాళ్లు స్వేచ్ఛాజీవులు. వాళ్ల భూమి వాళ్లది. తమ పెద్దను తామే ఎన్నుకుంటారు. కొత్త ఊరికి సెయింట్ బసీలియో పేరు పెట్టారు. ఈ రోజు పలెంకెలో ఏ వీధిలో పిలిచినా కస్సియానీ ఇంటిపేరున్నవాళ్లు పలుకుతారు. ఆ బిషప్ పేరే అది.

ఒప్పందంలో ఇంకో షరతు ఉంది. ఇకమీదట పారిపోయి వచ్చే బానిసలను ఊళ్లోకి రానివ్వకూడదు. సంబరంగా చెప్పుకునే కథల్లో ఈ షరతును చాలామంది దాటేస్తారు. నేను దాటలేను. తమలాంటివాళ్లకు తలుపు మూస్తామని మాట ఇస్తే తప్ప తమ తలుపు తమకు దక్కని స్థితి అది. వందేళ్లకుపైగా వేటాడబడిన మనుషుల ముందు పెట్టిన కాగితం గురించి, ఇంట్లో కూర్చుని తీర్పు చెప్పే అర్హత మనకు లేదు. కానీ ఆ స్వేచ్ఛకు చెల్లించిన వెల ఏమిటో తెలిసి ఉండాలి.

ఇక మీ రెండో ప్రశ్న. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

ఊరి భాషను పలెంకెరో అంటారు. ఊరివాళ్లు ‘లెంగ్వా’ అంటారు, అంటే ఉత్త ‘భాష’ అని. అందులోని పదాల్లో ఎక్కువ భాగం స్పానిష్ నుంచి వచ్చినవే. ఇంటికి పెట్టిన గోడలు స్పానిష్‌వి అనుకుంటే, దూలాలు, వాసాలు మాత్రం ఆఫ్రికావి. ఉదాహరణకు బిడ్డను ‘మోనా’ అంటారు. పిల్లలు అనాలంటే ‘మా మోనా’. మనం ‘లు’ చివర చేరుస్తాం, వాళ్లు బహువచనం గుర్తు ‘మా’ను పదానికి ముందు పెడతారు. ఈ ‘మా’ కాంగో నది దిగువ ప్రాంతపు కికొంగో భాష నుంచి వచ్చింది. పశువును ‘న్గొంబె’ అంటారు, వేరుశనగను ‘న్గుబా’ అంటారు. ఇవి కూడా అక్కడివే. ‘మేము’ అనడానికి ‘సూతో’ అంటారు, ఇది స్పానిష్ ‘నొసోత్రొస్’ అరిగి మిగిలిన ముక్క. ‘మీరు’ అనడానికి వాడే ‘ఎను’ మాత్రం మళ్లీ కాంగోది. ఒకే వరసలో పక్కపక్కనే రెండు ఖండాలు.

తెలుగువాళ్లకు వెంటనే పట్టుబడే విషయం ఒకటుంది. స్పానిష్‌లో ‘కాదు, లేదు’ అనే మాట క్రియకు ముందే వచ్చేస్తుంది. పలెంకెరోలో అది వాక్యం చివర వస్తుంది. ‘ఇ అ కుమే ను’ అంటే ‘నేను తినలేదు’. ‘ఇ’ అంటే నేను, ‘అ’ జరిగిపోయిన పనికి గుర్తు, ‘కుమే’ అంటే తినడం, ఆఖరున ‘ను’. మనం కూడా అంతా చెప్పి చివరికి ‘లేదు’ అంటాం కదా. మొదటిసారి ఒక పెద్దావిడ నోట ఈ వాక్యం విన్నప్పుడు, రెండు మూడు నిమిషాలు నా చేతిలోని పుస్తకంలో ఏమీ రాసుకోలేకపోయాను. అంత దూరదేశంలో వాక్యం అలా మన వాకిట్లోకి వచ్చి ఆగినట్లు అనిపించింది. రెండు భాషలకూ చుట్టరికం ఏమీ లేదు, అది నాకు తెలుసు. అయినా ఆ సంతోషం నిజమైనదే.

బియోహో గినీ తీరంవాడైతే భాషలో కాంగో మాటలు ఎందుకున్నాయి? పండితులను చాలాకాలం పట్టి పీడించిన ప్రశ్న ఇది. కార్తహేనాకు 17వ శతాబ్దంలో కాంగో, అంగోలా తీరాల నుంచి పెద్ద సంఖ్యలో బానిసలను తెచ్చారు, పలెంకెలో స్థిరపడినవారిలో వాళ్ల మాటే నెగ్గింది. 2016లో వెలువడిన ఒక జన్యు పరిశోధన కూడా ఊరి మగవాళ్ల తండ్రి వైపు వంశాన్ని కాంగోలో కికొంగో మాట్లాడే యోంబె జనంతో కలిపింది. ఊరి ముసలివాళ్లు శోకగీతాల్లో తరతరాలుగా పాడుతున్నది కూడా కాంగో, లువాంగో అనే ఆ తీరపు చోట్ల పేర్లనే. వాళ్ల పాటకు ప్రయోగశాల సాక్ష్యం ఆలస్యంగా వచ్చి చేరింది, అంతే.

భాష ఎలా మిగిలిందన్నదానికి 1772 నాటి ఒక చర్చి వివరణలో చక్కని ఆధారం ఉంది. ఈ ఊరివాళ్లు స్పానిష్ ధారాళంగా మాట్లాడతారనీ, కానీ తమలో తాము వేరే ప్రత్యేకమైన భాష మాట్లాడుకుంటూ దాన్ని పిల్లలకు నేర్పుతారనీ అందులో రాశారు. గమనించారా, అప్పటికే రెండు భాషలు. సంతకు ఒకటి, ఇంటికి ఒకటి. స్పానిష్ రాక మిగిలిపోయిన భాష కాదిది. స్పానిష్ వచ్చి కూడా, కావాలని దాచుకున్న భాష.

మన దగ్గరి సంగతి ఒకటి ఇక్కడ గుర్తుకొస్తుంది. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే బస్తీ పేరులో ఉన్నది ఆఫ్రికన్ కావల్రీ, అంటే నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళం. వాళ్ల వారసుల మర్ఫా వాయిద్యం పెళ్లి ఊరేగింపుల్లో మనం వింటూనే ఉన్నాం. డప్పు మిగిలింది, పూర్వీకుల భాష మిగల్లేదు, ఇంట్లో మాట ఉర్దూ అయిపోయింది. నగరంలో నలుగురి మధ్య కొలువు చేసుకుని బతికినవాళ్లకూ, సొంత నేల, సొంత పెద్దలు, చుట్టూ దడి ఉన్నవాళ్లకూ తేడా అక్కడే వచ్చిందని నేను అనుకుంటాను.

దడి ఉన్నంతకాలం దాచుకున్న ఆ భాషకు అసలు గండం 20వ శతాబ్దంలో వచ్చింది. చెరకు మిల్లులో, కార్తహేనా, బార్రాంకీయా నగరాల్లో పనికి వెళ్లిన పలెంకెవాళ్ల మాట విని జనం నవ్వారు. అది స్పానిష్ సరిగా రానివాళ్ల వంకర మాట అన్నారు. ‘నా బిడ్డ ఆ నవ్వు పడకూడదు’ అని తల్లులు ఇంట్లో భాష మాట్లాడడం మానేశారు. ఇది ఏ తల్లి మనసుకైనా అర్థమయ్యే నిర్ణయమే, కానీ ఒక తరం నోట మాట అలాగే ఆగిపోయింది. అది విరిగిన స్పానిష్ కాదనీ, తనకంటూ నియమాలున్న క్రియోల్ భాష, అంటే వేర్వేరు భాషల కలయికలో పుట్టి సొంతంగా నిలబడ్డ భాష అనీ పండితులు నిరూపించి రాసింది 1970లో. 1980లలో ఊరి యువకులే పట్టుబట్టి బడిలో భాషను పాఠంగా పెట్టించారు. 1991 రాజ్యాంగం ఇలాంటి సముదాయాల భాషలకు వాళ్ల ప్రాంతంలో అధికార హోదా ఇచ్చింది. తాతమ్మల తరం మాట్లాడేది, తల్లిదండ్రుల తరం వింటే అర్థం చేసుకునేది, మనవల తరం బడిలో మళ్లీ నేర్చుకున్నది. మధ్యలో ఆ ఖాళీ ఇప్పటికీ చెవికి తెలుస్తుంది. బడిలో నేర్చినవాళ్ల మాటలో ‘మా’లు ఎక్కువ, తడుముకోవడం కూడా ఎక్కువ. దాన్ని ఎవరైనా కృత్రిమం అంటే నాకు కోపం వస్తుంది. పోయిందనుకున్నదాన్ని తిరిగి నోటికి తెచ్చుకునేవాడు తడుముకోడా?

భాష తర్వాత ఊరిని కట్టి ఉంచే రెండో తాడు ‘క్వాగ్రో’. ఈడువాళ్ల జట్టు అనుకోండి. ఊరికి పై పేట, కింది పేట అని రెండు భాగాలు. ఒక పేటలో ఒకే ఈడు పిల్లలు, ఆడా మగా, చిన్నప్పుడే జట్టు కడతారు. ఆ జట్టు చచ్చేదాకా ఉంటుంది. పెళ్లయితే జట్టు వస్తుంది, జబ్బు చేస్తే జట్టు చందా వేస్తుంది, చావు వస్తే వంట చెరుకు నుంచి పాడె దాకా జట్టే చూస్తుంది. నాకు తెలిసిన ఒక డ్రైవరు బార్రాంకీయాలో ముప్ఫై ఏళ్లుగా ఉంటున్నాడు. క్వాగ్రోలో ఎవరికైనా కష్టం అని ఫోను వస్తే, ఆ రోజు బేరాలు వదిలేసి ఊరికి బయలుదేరతాడు. ‘మా అన్నదమ్ములు నాకు పుట్టుకతో వచ్చారు, క్వాగ్రో నాతో పెరిగింది’ అన్నాడు ఒకసారి.

పై పేట, కింది పేట కుర్రాళ్ల మధ్య జరిగే ముష్టియుద్ధాల నుంచే ఈ ఊరికి బాక్సింగ్ అబ్బిందని చెబుతారు. ‘కిద్ పంబెలె’ అని పేరుపడ్డ ఆంతోనియో సెర్వాంతెస్ 1945లో ఇక్కడే పుట్టాడు. 1972 అక్టోబరులో పనామాలో గెలిచి, ప్రపంచ బాక్సింగ్ టైటిల్ సాధించిన మొదటి కొలంబియన్ అయ్యాడు. ఏం కావాలో కోరుకోమని ప్రభుత్వం అడిగితే మా ఊరికి కరెంటు ఇవ్వండి అన్నాడని, అలా ఊళ్లో దీపాలు వెలిగాయని ఇప్పటికీ ప్రతి ఇంట్లో చెబుతారు.

చావు గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే పలెంకె తన పాతదనాన్ని దాచుకున్నది అక్కడే. ఎవరైనా పోతే తొమ్మిది రోజులు, తొమ్మిది రాత్రులు లుంబలూ అనే చావు తంతు జరుగుతుంది. మనిషి నడుము ఎత్తు దాటే, పెచీచె అనే పొడవాటి డోలు మోగుతుంది. పెద్ద వయసు ఆడవాళ్లు శవం చుట్టూ చేరి శోకం పెడతారు. ఒకరు అందుకుంటే మిగిలినవాళ్లు వంత పాడతారు. మన పల్లెల్లో శోకాలు పెట్టి ఏడ్చే పెద్దవాళ్లను చూసినవాళ్లకు ఆ గొంతు కొత్తగా అనిపించదు. పాటల్లోని కొన్ని మాటలకు పాడేవాళ్లకే అర్థం తెలియదు, తెలియకపోయినా అక్షరం మార్చరు. చేపలు పట్టడానికి నీటి దగ్గరకు వెళ్లి, నీటి అడుగున ఉండే ‘మొహాన్’ అనే మాయశక్తి వెంట వెళ్లిపోయిన కతలీనా లువాంగో అనే స్త్రీ కథ కూడా ఈ చావు పాటల్లోదే. అయినవాళ్లు చనిపోయినప్పుడు ఆమె నీళ్లలోంచి లేచి వచ్చి, ఏడ్చి వెళ్లిపోతుందట. పలెంకెలో చనిపోయినవాళ్లు పూర్వీకుల నేలకు తిరిగి వెళతారని నమ్మకం. సముద్రం దాటించి తెచ్చిన మనుషులకు ఆ దారి ఒక్కటే మిగిలింది మరి.

మీరు చూసిన ఫొటోలోని స్త్రీల సంగతికి వస్తాను. పలెంకె పొలాల్లో కర్రపెండలం, పెండలం, మొక్కజొన్న, వేరుశనగ పండుతాయి. మగవాళ్లు పండిస్తే, ఆడవాళ్లు తలమీద పెట్టుకుని దూరదూరాల ఊళ్లలో అమ్ముకొస్తారు. పళ్లతో పాటు మిఠాయిలు కూడా. ‘అలెగ్రీయా’ అనే ఉండ మీరు తింటే ఆశ్చర్యపోతారు. చిరుధాన్యపు పేలాలు, కొబ్బరి కోరు, చెరకు బెల్లం పాకం, సోంపు వాసన. బెల్లాన్ని అక్కడ ‘పనేలా’ అంటారు, మన బెల్లమే. సంక్రాంతికి మా అమ్మమ్మ చేసిన ఉండలు గుర్తొచ్చి నేను మొదటిరోజే నాలుగు తిన్నాను. ఆ పేరుకు స్పానిష్‌లో ‘సంతోషం’ అని అర్థం. కొలంబియా జెండా రంగుల గౌను, ఫొటోకు నవ్వు, అవి పర్యాటకుల కోసం వచ్చి చేరినవి. గిన్నె కింద ఉన్న మెడ మాత్రం తరాలుగా ఇంటిల్లిపాదినీ పోషించిన మెడ. ఫొటో తీసుకుంటే డబ్బు ఇవ్వండి, బేరం ఆడకండి.

ఇదంతా విని పలెంకెను ఒక మ్యూజియంగా ఊహించుకోకండి. దగ్గర్లోని సిన్సెరీన్ చెరకు మిల్లుకు వచ్చిన క్యూబా పనివాళ్ల దగ్గర ఊరివాళ్లు ‘సోన్’ సంగీతం నేర్చుకుని సొంతం చేసుకున్నారు. సెక్స్‌తెతో తబలా అనే బృందం ఆ వారసత్వాన్ని ప్రపంచ వేదికల మీదికి తీసుకెళ్లింది. కష్టం కూడా ఇటీవలిదే ఉంది. 2001 ఏప్రిల్‌లో పారామిలటరీలు అనే చట్టవిరుద్ధ సాయుధ మూకల బెదిరింపులకు పలెంకె శివారులోని లా బొంగా అనే పల్లె మొత్తం ఖాళీ అయింది. బానిసల వేట నుంచి కాచిన కొండలే మనవలను కాపాడలేని రోజు అది. నల్లజాతి సముదాయాల ఉమ్మడి భూమి హక్కుకు 1993లో 70వ నంబరు చట్టం వచ్చినా, పలెంకె చేతికి ఆ పట్టా అందింది 2012లో. 2005లో ఊరి సంస్కృతికి యునెస్కో ఇచ్చిన గుర్తింపును అందరూ చెబుతారు. ఊరి పెద్దవాళ్లు నాతో ఎక్కువగా మాట్లాడింది ఆ పట్టా గురించి.

వెళ్లడం తేలికే. కార్తహేనాకు ఆగ్నేయంగా సుమారు 50 కిలోమీటర్లు. బస్సు పెద్ద రోడ్డు మీద దింపుతుంది, అక్కడి నుంచి లోపలికి మోటారుసైకిళ్లు ఉంటాయి. ఊరివాడినే గైడుగా పెట్టుకోండి, ఆ డబ్బు ఊళ్లోనే ఉంటుంది. అక్టోబరులో డోళ్ల పండుగ జరుగుతుంది, జనం కిటకిటలాడతారు, వాయిద్యం వినాలంటే అదే సమయం. మాట వినాలంటే మామూలు రోజున వెళ్లండి. సాయంత్రం ఎండ తగ్గాక ముసలివాళ్లు వాకిళ్లలో కుర్చీలు వేసుకుంటారు, ఒక రెండు మాటలు నేర్చుకుని పలకరిస్తే కూర్చోమంటారు. ఊళ్లో పిల్లలు జడలు అల్లించుకుంటూ కనిపిస్తారు. పారిపోయే దారులను ఒకప్పుడు ఆ జడల అల్లికలోనే గుర్తు పెట్టేవారని అల్లే ఆవిడ మీకు చెబుతుంది, వినండి.

వెళ్లిన రోజు ఏదైనా ఇంటి ముందు గుంపుగా జనం ఉండి, ఆ పొడవాటి డోలు వినిపిస్తే, కెమెరా సంచిలోనే ఉంచండి. పిలిస్తేనే లోపలికి వెళ్లండి. పిలిచారంటే ఆ ఇంటివాళ్లు ఇచ్చే కాఫీ తాగి, కాసేపు వాళ్లతో కూర్చుని రండి.